మన నాలుకకు ఒక తూకం, మన చెవికి మరో తూకం

“ఈ రోజుల్లో నోరు తెరిస్తే తప్పు. ప్రతి చిన్న మాటకూ జనం మనసు కష్టపెట్టుకుంటున్నారు. మన పెద్దల కాలంలో ఇలా ఉండేదా?” ఈ మాటను మనం తరచుగా వింటున్నాము. మనమూ అంటున్నాము. ఇందులో నిజమెంత? నేటి మనుషులు మాటలకూ పేర్లకూ అతిగా నొచ్చుకుంటున్నారా? లేక పూర్వం నొప్పిని దిగమింగుకున్నవారు ఇప్పుడు నోరు విప్పి చెబుతున్నారా?

కొంతకాలం క్రితం మేము ఒక వలీమా విందుకు వెళ్ళాము. మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చాలా ఆవేశంగా ఉన్నారు. బస్సులో ఎవరో కుర్రవాడు తనను “తురకోడు” అన్నాడట. “అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, గడ్డం నెరిసినవాణ్ణి. అలా అనడానికి వాడికి నోరెలా వచ్చింది?” అని బాధపడ్డారు. మేమందరం ఆయన్ను ఓదార్చాము. ఇంతలో ఆయన బాల్యమిత్రుడు ఒకరు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆయనది దూదేకుల కుటుంబం. మన పెద్దాయన ముఖం వెలిగిపోయింది. “ఏరా పింజారీ, ఇప్పుడా రావడం?” అని బిగ్గరగా నవ్వారు. చుట్టూ ఉన్నవారూ నవ్వారు. వచ్చినాయన నవ్వలేదు. ఆయన పక్కన కొత్తగా వియ్యమందిన బంధువులున్నారు. నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కుని వెళ్ళిపోయారు. పెద్దాయన ఆశ్చర్యంగా మా వైపు తిరిగి, “నలభై ఏళ్ళుగా అలాగే పిలుస్తున్నాను. ఇవాళ కొత్తగా రోషం పుట్టుకొచ్చింది చూడండి” అన్నారు.

ఒకే విందులో, ఒకే మనిషి! తనను అన్న మాట గాయం. తాను అన్న మాట సరదా. ఆయన చెడ్డవారు కాదు, నమాజు వదలనివారు. నిజానికి ఆయనలో మనమందరం ఉన్నాము. కనుక ఈ ప్రశ్నను లోకం మీదికి విసిరే ముందు, దివ్య ఖుర్ఆన్ వెలుగులో, దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆచరణ వెలుగులో మనల్ని మనం పరిశీలించుకుందాం.

పాత పేరే కదా అంటే సరిపోదు

అల్ హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు కొన్ని ఆజ్ఞలు ఇచ్చాడు. పురుషులు తోటి పురుషులను ఎగతాళి చేయరాదు. స్త్రీలు తోటి స్త్రీలను ఎగతాళి చేయరాదు. ఎగతాళికి గురైనవారే వీరికంటే మెరుగైనవారు కావచ్చు. ఒకరినొకరు దెప్పిపొడుచుకోరాదు. చెడ్డ పేర్లు పెట్టి పిలుచుకోరాదు. ఇంత చెప్పి, పశ్చాత్తాపపడనివారే దుర్మార్గులని అదే ఆయతు హెచ్చరించింది. అంటే ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, తౌబా చేసుకోవలసిన విషయం.

ఈ ఆయతులో ఒక సూక్ష్మం ఉంది. దెప్పిపొడవడాన్ని నిషేధించిన చోట అరబీ మూలంలో “మీ ఆత్మలను” దెప్పకండి అన్న అర్థం వచ్చే పదం ఉంది. అంటే, నీ సోదరుణ్ణి దెప్పితే నిన్ను నీవు దెప్పుకున్నట్లే. విశ్వాసులందరూ ఒకే దేహం కదా!

ఈ ఆజ్ఞ అవతరించిన సందర్భాన్ని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు తెలుపుతున్నాయి. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు బనూ సలమా తెగలో ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి పేర్లు ఉండేవి. ఆయన ఎవరినైనా వాటిలో ఒక పేరుతో పిలిస్తే, ఆ పేరంటే అతనికి కోపమని పక్కవారు చెప్పేవారు. ఆ సందర్భంలోనే ఈ ఆయతు అవతరించింది.

దీన్ని మనం జాగ్రత్తగా గమనించాలి. ఆ పేర్లు కొత్తవి కావు. ఊరంతా వాడుతున్నవే. మన పెద్దాయన చెప్పిన సాకు అక్కడ కూడా చెప్పవచ్చు: “ఏళ్ళ తరబడి పిలుస్తున్నాము, ఇప్పుడేమిటి కొత్తగా?” కాని ఆ సాకు చెల్లలేదు. ఒక పేరు ఎంతకాలంగా వాడుకలో ఉందన్నది లెక్కలోకి రాలేదు. ఆ పేరు మోస్తున్నవాడి మనసే లెక్కలోకి వచ్చింది.

ఒక మాట, ఒక ఏడుపు, ఒక సముద్రం

హజ్రత్ అబూ జర్ (రజి) తొలినాళ్ళలోనే ఇస్లాం స్వీకరించిన మహనీయులు. ఒకసారి ఆయనకూ మరొకరికీ మాటా మాటా పెరిగింది. ఆ వ్యక్తి తల్లిని ఎత్తి, ఆమె అరబ్బు స్త్రీ కాదన్నట్లు ఎద్దేవా చేశారు. సంగతి దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది. అబూ జర్‌లో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ఆయన మందలించారు. మీ సేవకులు మీ సోదరులే, మీరు తినేదే వారికి తినిపించండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి అని బోధించారు. ఈ సంఘటన ఎలా బయటికి వచ్చిందో బుఖారీలో ఉంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక వ్యక్తి రబజా అనే చోట అబూ జర్ (రజి)ను కలిశారు. ఆయన వంటి మీదా, ఆయన సేవకుడి వంటి మీదా ఒకే రకమైన దుస్తులు చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగారు. జవాబుగా ఆయన తన పాత తప్పును తానే చెప్పుకున్నారు. ఒక్క మాట అన్నందుకు జీవితాంతం తనను తాను దిద్దుకున్నారు. ‘అతను మరీ సున్నితం’ అని తప్పించుకోలేదు.

ఇక విశ్వాసుల మాతృమూర్తుల ఇంటి సంగతి చూడండి. హజ్రత్ సఫియ్యా (రజి) యూద వంశంలో పుట్టినవారు. తనను “యూదుడి కూతురు” అన్నారని తెలిసి ఆమె ఏడుస్తూ కూర్చున్నారు. నిజానికి ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె యూదుడి కూతురే. అయినా అన్న తీరులో ముల్లు ఉంది. దైవప్రవక్త (స) ఆ కన్నీళ్ళను తేలిగ్గా తీసుకోలేదు. నీవు ఒక ప్రవక్త సంతతివి, నీ పినతండ్రి వరుసలో ఒక ప్రవక్త ఉన్నారు, నీవు ఒక ప్రవక్త భార్యవు, ఇక ఆమె దేని విషయంలో నీమీద గొప్పలు చెప్పుకోగలదు అని ఓదార్చారు. ఆమె హజ్రత్ హారూన్ (అ) వంశానికి చెందినవారు. హజ్రత్ మూసా (అ) హారూన్ (అ)కు సోదరులు. ఏ పుట్టుకను చూపి ఆమెను కించపరిచారో, ఆ పుట్టుకలోనే ఆమెకు గౌరవం చూపించారు. ఆ తర్వాత ఆ మాట అన్న హజ్రత్ హఫ్సా (రజి)ను, అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించారు (తిర్మిజీ). బాధపడినవారికి ఓదార్పు, అన్నవారికి హెచ్చరిక. మనం చాలాసార్లు దీన్ని తలకిందులు చేసి, అన్నవారిని వెనకేసుకొచ్చి, బాధపడినవారికి నీతులు చెబుతున్నాము.

ఇదే సఫియ్యా (రజి) పొట్టిదనాన్ని హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ప్రస్తావించారు. ఆ ఒక్క మాటను సముద్రంలో కలిపితే సముద్రమంతా చెడిపోతుందన్నంత తీవ్రంగా దైవప్రవక్త (స) స్పందించారు (అబూ దావూద్). మన ఇళ్ళల్లో పొట్టి, నల్లోడు, కుంటోడు, మొద్దు అన్న పేర్లు రోజుకు ఎన్నిసార్లు పలుకుతామో లెక్కపెట్టుకుంటే మన సముద్రాల రంగు మనకే తెలుస్తుంది.

మన గడపలోని ముల్లు

ఇప్పుడు పింజారి అనే మాటకు వద్దాం. దూది ఏకేవాడు అన్నదే దాని అర్థం. మన పల్లెల్లో పరుపులు, బొంతలు, దిండ్లు వారి చేతి కష్టంతోనే తయారయ్యేవి. బీసీ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లు కనిపిస్తాయి. కాని తెలుగునాట ‘పింజారి’ ఒక తిట్టుగా మారిపోయింది. నిజాయితీగా చేతులతో సంపాదించుకునే ఒక వృత్తి పేరు తిట్టు ఎలా అయింది? హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టం తినేవారని బుఖారీలో ఉంది. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి అని ముస్లింలో ఉంది. ప్రవక్తలు చేసిన పనిని, అంటే చేతి పనిని, మనం అవమానంగా మార్చాము.

ఆ తిట్టును ఇతరులు వాడటం ఒక ఎత్తు. సయ్యద్, పఠాన్, షేక్ అని చెప్పుకునే మన కుటుంబాలు వాడటం మరో ఎత్తు. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాము. సలాం చెప్పి బయటికి రాగానే “వాళ్ళు దూదేకులోళ్ళు, వాళ్ళకు ఉర్దూ రాదు” అని పెదవి విరుస్తాము. పెండ్లి సంబంధం మాట వస్తే ముఖం తిప్పుకుంటాము. ఆ తర్వాత బస్సులో ఎవడో “తురకోడు” అంటే సమాజంలో సమానత్వం లేదని వాపోతాము. ఈ ఫిర్యాదు అల్లాహ్ సన్నిధిలో ఏ ముఖంతో చేయగలం?

ప్రతి మారుపేరూ తప్పేనా?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అయితే స్నేహితులు ముద్దుపేర్లతో పిలుచుకోకూడదా? ఇస్లాంలో అంత ఇరుకు లేదు. దైవప్రవక్త (స) ఒక సహచరుణ్ణి ప్రజల్లో వాడుకలో ఉన్న ‘జుల్ యదైన్’, అంటే ‘చేతులవాడు’ అన్న పేరుతోనే ప్రస్తావించారు (బుఖారీ). హదీసు వేత్తల్లో ‘అల్ ఆమష్’, ‘అల్ ఆరజ్’ అనే పేర్లున్నాయి. మొదటిది కంటిచూపు లోపాన్ని, రెండవది కాలి అవుకును సూచిస్తుంది. గుర్తుపట్టడానికి వేరే దారి లేనప్పుడు, కించపరిచే ఉద్దేశం లేనప్పుడు ఇలాంటి పేర్లు వాడవచ్చనీ, కించపరచడానికైతే నిషిద్ధమనీ, వేరే పేరుతో చెప్పగలిగితే అదే మేలనీ ఇమాం నవవీ (రహ్మ) వివరించారు.

మాట ఒక్కటే అయినా అది ఎవరి నోట, ఏ ఉద్దేశంతో వచ్చిందన్నదే ముఖ్యం. హజ్రత్ అలీ (రజి) ఒకసారి మస్జిదులో నేల మీద పడుకున్నారు. ఒంటికి మట్టి అంటుకుంది. దైవప్రవక్త (స) ఆ మట్టిని దులుపుతూ ఆప్యాయంగా “అబూ తురాబ్”, మట్టివాడా, అని లేపారు. అలీ (రజి)కి ఆ పేరు ప్రాణం. తర్వాతి రోజుల్లో ఆయనంటే గిట్టని పాలకులు ఆ పేరునే ఎగతాళిగా వాడారు. మదీనా అధికారి ఒకడు, అబూ తురాబ్‌ను శపించమని హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి)ను కోరాడు. ఆ పేరుకంటే అలీకి ఇష్టమైన పేరు మరొకటి లేదని సహల్ (రజి) జవాబిచ్చారు (ముస్లిం). ఒకే పేరు ఒక చేతిలో పువ్వు, మరో చేతిలో రాయి.

మనల్ని ఊళ్ళల్లో పిలిచే ‘సాయిబు’ కూడా ఇలాంటిదే. అది అరబీ ‘సాహిబ్’ నుంచి వచ్చింది. ‘సహాబా’ అన్న పవిత్రమైన మాటకూ మూలం అదే. ఎందరో హిందూ సోదరులు ‘సాయిబుగారూ’ అని గౌరవంగానే పిలుస్తారు. పక్కింటి అవ్వ “మీరు తురకం మాట్లాడుకుంటారు కదా” అంటే, ఉర్దూ అన్న మాటకు ఆమెకు తెలిసిన పేరు అదే. అందులో విషం వెదకడం అన్యాయం. అదే మాట కొట్టడానికి చేయెత్తినవాడి నోట వస్తే దాని అర్థం వేరు. ఈ తేడా తెలుసుకోవడం వివేకం.

ఇక వినేవాడి సంగతి

ఇంతవరకు మాట్లాడేవాడి బాధ్యతను చూశాము. వినేవాడికి మాత్రం దైవప్రవక్త (స) ఆచరణ మరో పాఠం నేర్పుతుంది.

మక్కా ఖురైషులు ఆయన పేరునే తిరగేశారు. ముహమ్మద్ అంటే ప్రశంసించబడినవాడు. దానికి బదులు ‘ముజమ్మమ్’, నిందించబడినవాడు, అని తిట్టేవారు. ఆయన తన సహచరులతో, ఖురైషుల తిట్లను అల్లాహ్ తన నుంచి ఎంత వింతగా తప్పించాడో చూడమన్నారు. వాళ్ళు తిట్టేది ముజమ్మమ్ అనే ఎవరినో, నేనైతే ముహమ్మద్‌ను అన్నారు (బుఖారీ). ఎంత నిబ్బరం! తిట్టు వచ్చింది, కాని దాన్ని అందుకునే చేయి అక్కడ లేదు.

మదీనాలో కొందరు యూదులు వచ్చి సలాం చెబుతున్నట్లు నటిస్తూ, మీకు చావు రావాలన్న అర్థం వచ్చేలా పలికారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆగ్రహించి అంతకంత తిట్టారు. దైవప్రవక్త (స) ఆమెను ఆపారు. అల్లాహ్ అన్ని విషయాల్లోనూ మృదుత్వాన్ని ఇష్టపడతాడన్నారు. వారు అన్నది తానూ విన్నాననీ, ‘మీకూ’ అని మాత్రం జవాబిచ్చాననీ చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆయనకు అర్థం కాక ఊరుకోలేదు. అర్థమయ్యే ఊరుకున్నారు.

అన్నిటికంటే పెద్ద పాఠం హిజ్రీ 6వ సంవత్సరంలో జరిగిన హుదైబియా ఒప్పందం. ఒప్పంద పత్రంలో ‘అర్రహ్మాన్, అర్రహీమ్’ అని రాయడానికి ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పుకోలేదు. ‘ముహమ్మద్, అల్లాహ్ ప్రవక్త’ అన్న మాటకూ అభ్యంతరం చెప్పాడు. అల్లాహ్ ప్రవక్త అని నమ్మితే మీతో పోరాటమే ఉండేది కాదు, మీ పేరూ మీ తండ్రి పేరూ రాయండి అన్నాడు. పత్రం రాస్తున్న అలీ (రజి) ఆ మాటను చెరిపివేయలేకపోయారు. దైవప్రవక్త (స) తానే ఆ చోటు చూపించమని అడిగి చెరిపివేసి, ‘ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్’ అని రాయించారు. కాగితం మీద బిరుదు పోయింది. దైవదౌత్యం పోయిందా? ఆ ఒప్పందాన్నే ఖుర్ఆన్ స్పష్టమైన విజయమని పేర్కొన్నది (48:1). ఆనాడు ఆ పేరును ఒప్పుకోని సుహైల్, మక్కా విజయం తర్వాత ఇస్లాం స్వీకరించారు. దైవప్రవక్త (స) మరణానంతరం మక్కావాసులు చలించినప్పుడు వారిని ధర్మంపై నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. ఒక పదం దగ్గర పట్టుదలకు పోయి ఉంటే శాంతి చేజారేది. దానితో ఎన్ని హృదయాలు చేజారేవో!

ప్రాణం కంటే ప్రియమైనవారిని అంటే?

మమ్మల్ని అంటే సహిస్తాం, మా ప్రవక్తను అంటే ఎలా సహిస్తామని మన యువకులు అడుగుతారు. ఆ బాధ సహజం. అది విశ్వాసపు గుర్తు. ఆ బాధ లేకపోతే మన ఈమాన్‌నే అనుమానించుకోవాలి. కాని ఆ బాధ ఏ రూపం తీసుకోవాలో నిర్ణయించే అధికారం మన ఆవేశానికి లేదు. బహుదైవారాధకుల నుంచీ గ్రంథప్రజల నుంచీ మనసును గాయపరిచే మాటలెన్నో వినవలసి వస్తుందని ఖుర్ఆన్ ముందే చెప్పింది. సహనం వహించి దైవభీతితో మెలగడమే దృఢసంకల్పమని తెలిపింది (3:186). అల్లాహ్ వాక్యాలను ఎగతాళి చేసే చోటు నుంచి, వారు వేరే సంగతిలోకి మళ్ళేవరకు తొలగిపొమ్మంది (6:68). అక్కడ కూర్చొని వాదించమని గాని, ఆ ఎగతాళిని పదిమందికి పంపమని గాని అనలేదు. మనం నేడు ఫోనులో వచ్చిన ఒక దుష్ట చిత్రాన్ని కోపంతోనే వంద మందికి పంపుతున్నాము. నిందించినవాడికి ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్నాము.

ఇతరులు ఆరాధించే దైవాలను దూషించవద్దనీ, దూషిస్తే వారు తెలియక అల్లాహ్‌ను దూషిస్తారనీ కూడా ఖుర్ఆన్ హెచ్చరించింది (6:108). అంటే మన పవిత్రతను కాపాడుకోవడం మన నాలుక దగ్గరే మొదలవుతుంది. మరో చోట, ‘రాయినా’ అన్న మాటను కొందరు వంకర అర్థంతో వాడుతున్నందున, దాని బదులు ‘ఉన్‌జుర్నా’ అనమని విశ్వాసులకే ఆదేశం వచ్చింది (2:104). సహచరుల ఉద్దేశంలో ఏ దోషమూ లేదు. అయినా మాట మార్చుకున్నారు. మా ఉద్దేశం మంచిదే కదా అని మొండికేసేవారికి ఇది చాలు.

అయితే సహనమంటే నోరు మూసుకోవడమా? కాదు. చెడుమాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవాడికి తప్ప (4:148). పేరు చూసి అద్దెకు ఇల్లు ఇవ్వకపోవడం, ఉద్యోగం నిరాకరించడం కేవలం మాటలు కావు. అవి హక్కులను హరించడమే. వాటిని చట్టబద్ధంగా, మర్యాదగా ఎదిరించాలి. సఫియ్యా (రజి) తన బాధ చెప్పుకున్నారు, న్యాయం పొందారు. బాధను చెప్పుకోవడం వేరు. పగగా పెంచుకోవడం వేరు.

రెండు తూకాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టమవుతోంది. జనం అతిగా నొచ్చుకుంటున్నారా అన్నది, మాట అన్నవాడు అడగవలసిన ప్రశ్న కాదు. అతను అడగవలసింది, నా మాట నా సోదరుణ్ణి గాయపరిచిందా అని. నేను అతిగా నొచ్చుకుంటున్నానా అన్నది, మాట పడినవాడు తనను తాను ఏకాంతంలో అడగవలసిన ప్రశ్న. మన నాలుకకు బంగారం తూచే త్రాసు వాడాలి. మన చెవికి ధాన్యం తూచే కాటా చాలు. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

పెండ్లి కార్డులో తన పేరు పడలేదని, పేరు పక్కన ‘హాజీ’ రాయలేదని, ‘గారు’ అనలేదని అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోని ఇళ్ళు మనలో ఎన్ని లేవు? ఒక విశ్వాసి తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). మన ఇంటి గోడల మధ్యే ఈ లెక్క మొదలుపెడదాం. కోడలిని పుట్టింటి పేరుతో దెప్పడం మానుదాం. చదువులో వెనకబడిన బిడ్డకు పెట్టిన పేరును ఈ రోజే తీసేద్దాం. దూదేకుల సోదరుణ్ణి అతని సొంత పేరుతో పిలుద్దాం. అఖీఖా రోజున ఎంతో ఆలోచించి అతని తల్లిదండ్రులు పెట్టిన పేరది.

వలీమా నాటి పెద్దాయన తర్వాత మాకు మళ్ళీ కలిశారు. ఆ మర్నాడే మిత్రుని ఇంటికి వెళ్ళారట. “నలభై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేమిరా?” అని అడిగారట. “చెబితే దానికీ నవ్వుతావనుకున్నాను” అన్నారట ఆ మిత్రుడు. ఆ మాట చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు పూడుకుపోయింది. బస్సులో కుర్రవాడి సంగతి మేము గుర్తు చేస్తే, “వాణ్ణి ఆరోజే క్షమించి ఉండాల్సింది. నా లెక్క నాకే చాలా ఉంది” అన్నారు.

అల్లాహ్ మన నాలుకలను తోటివారిని గాయపరచకుండా కాపాడుగాక! మన హృదయాలకు క్షమించే విశాలతను ప్రసాదించుగాక! మనం ఎవరెవరిని నొప్పించామో, వారిని ప్రళయదినాన కాక ఈ లోకంలోనే క్షమాపణ కోరే భాగ్యం కలిగించుగాక! ఆమీన్.